వీల్‌చైర్ సీఐ, కొత్త ఎస్సై, ఒక సీరియల్ కిల్లర్: ఈ కథ రాయాలనుకునేవాళ్లకు

మీ డిటెక్టివ్‌కి పేరు పెట్టే ముందు అతని వెన్నెముక ఎక్కడ దెబ్బతిన్నదో తేల్చుకోండి. సీ6 (మెడలో ఆరో స్థాయి) అనో, టీ10 (ఛాతీ వెనక పదో స్థాయి) అనో కాగితం మీద రాసి పెట్టుకోండి. "యాక్సిడెంట్‌లో నడుము విరిగి మంచాన పడ్డాడు" అని ఒక వాక్యం రాసేసి ముందుకు వెళ్తే, పది ఎపిసోడ్లు గడిచేసరికి మీ సీఐ బీరువా పైఅరలోంచి ఫైలు తీస్తుంటాడు. చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారు. ఆ ఫైలు దగ్గరే కథ మూసేస్తారు.

నాది టీ4. డిగ్రీ చదివే రోజుల్లో బస్సు బోల్తా పడింది. ఇప్పుడు జిల్లా సెషన్స్ కోర్టులో టైపిస్టుని. సాక్షులు బోనులో నిలబడి చెప్పేది టైపు చేయడమే పగటి పని, రాత్రి డిటెక్టివ్ సీరియళ్లు రాస్తాను. వికలాంగుడైన డిటెక్టివ్, అతనికి కాళ్లూ చేతులూ అయిన కుర్ర ఆఫీసర్, దొరకని హంతకుడు అనే ఈ కథ మనవాళ్లకు చాలా ఇష్టం. చాలామంది రాస్తున్నారు. బాగా రాయాలని నా కోరిక. అందుకే కుర్చీ గురించి, కేసు గురించి నాకు తెలిసింది ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఒళ్లు

దెబ్బ ఎంత పైన తగిలితే అంత ఎక్కువ పోతుంది. మెడలో సీ5 దగ్గరైతే మోచేయి ముడవగలరు, చాపలేరు. సీ6 అయితే మణికట్టు పైకి లేస్తుంది. సీ7 అయితే మోచేయి చాపే బలం ఉంటుంది కాబట్టి, సాధన చేస్తే మంచం మీదనుంచి కుర్చీలోకి తనే జరగగలరు. నాలా ఛాతీ దగ్గరైతే చేతులు పూర్తిగా పనిచేస్తాయి, నడుం మాత్రం నిలవదు. టేబుల్ మీద దూరంగా ఉన్న పెన్ను అందుకోవాలంటే రెండో చేత్తో కుర్చీ పట్టుకోవాలి, లేకపోతే ముందుకు తూలిపోతాను.

డిటెక్టివ్ కథకు సీ6 తీసుకోమని నా సలహా. అందులో చేయగలిగేదీ చేయలేనిదీ పక్కపక్కనే ఉంటాయి. వేళ్లకు పట్టు ఉండదు కానీ, మణికట్టు వెనక్కి లేపితే వేళ్లు వాటంతట అవే కాస్త ముడుచుకుంటాయి. ఆ మడతలోనే స్టీలు గ్లాసు, కాగితం అంచు పట్టుకోవడం నేర్చుకుంటారు. అరచేతికి వెల్క్రో పట్టీ చుట్టి, అందులో పెన్ను దోపుకుని రాస్తారు. ఫోను టేబుల్ మీద పెట్టి వేలి కణుపుతో నొక్కుతారు. మీ సీఐ ఒక పోస్టుమార్టం రిపోర్టు పేజీ తిప్పే తీరును నాలుగు వాక్యాల్లో రాసి చూడండి. అతను ఎలాంటి మనిషో పాఠకుడికి అక్కడే తెలిసిపోతుంది.

రోజు ఎలా గడుస్తుందో కూడా ముందే రాసుకోవాలి. పొద్దున లేచాక మలవిసర్జనకే ముప్పావుగంట, గంట పడుతుంది. మందు పెట్టాలి, ఆగాలి, మనిషి సాయం కావాలి. యూరిన్ పైపు ఎప్పుడూ పెట్టే ఉంచుకునేవాళ్లు కొందరు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి పైపు పెట్టి తీసేవాళ్లు కొందరు. కుర్చీలో కూర్చున్నంతసేపూ పావుగంటకో అరగంటకో ఒళ్లు పక్కకో ముందుకో వంచి బరువు మార్చాలి, లేదంటే పిరుదుల దగ్గర పుండు పడుతుంది. ఆ పుండు ఒకసారి లోతుకు పోయిందంటే నెలల తరబడి బోర్లా పడుకోవాల్సిందే. కాబట్టి తెల్లవారుజామున శవం దొరికిందని ఫోన్ వస్తే మీ సీఐ పది నిమిషాల్లో జీపు ఎక్కడు. ఎక్కడు కాబట్టే మీకు కథ పుడుతోంది. ఎస్సైని ముందు పంపాలి, ఫోన్‌లో చూడాలి, చూడలేనిది అడగాలి.

ఇంకో రెండు సంగతులు కథలో బాగా పనికొస్తాయి. స్పర్శ ఉండదు కాబట్టి వేడెక్కిన లాప్‌టాప్ తొడల మీద పెట్టుకుంటే చర్మం కాలిపోయినా తెలియదు, బొబ్బ కనిపించాకే తెలుస్తుంది. రెండోది, కాళ్లు వాటంతట అవే కొట్టుకుంటాయి. ఎస్సై మొదటిసారి వచ్చిన రోజే ఆయన మోకాలు ఎగిరిపడితే, ఆమె "సార్, కాలు కదిలింది!" అని సంబరపడుతుంది. ఆయన ఏమంటాడు? అలవాటైన మాట ఒకటి అని, కేసు ఫైలు ముందుకు తోస్తాడు. పరిచయానికి ఇది చాలు.

మే నెలలో కథ నడిపిస్తుంటే జాగ్రత్త. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు దెబ్బకు కిందిభాగంలో చెమట సరిగ్గా పట్టదు, ఒంట్లో వేడి దిగదు. తడిగుడ్డ, ఫ్యాను, నీళ్ల స్ప్రే ఉండాలి. కరెంటు పోతే ఎయిర్‌బెడ్ మోటారు కూడా ఆగుతుంది, గాలి దిగిపోతుంది. నిద్రలో రెండు గంటలకోసారి పక్క మార్చే మనిషి ఆ రాత్రి లేకపోతే ఎంత టెన్షనో, దాన్ని రాయడానికి విలన్ అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది తలనొప్పి. టీ6, ఆపైన దెబ్బ ఉన్నవాళ్లకు మూత్రసంచి నిండిపోయినా, పైపు మడతపడినా బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగంలో మాత్రమే చెమటలు. మామూలుగా వాళ్ల పై బీపీ 90, 100 దగ్గర ఉంటుంది కాబట్టి, 140కి వెళ్లినా ప్రమాదమే. పట్టించుకోకపోతే బ్రెయిన్ స్ట్రోక్ దాకా పోవచ్చు. చేయాల్సింది మాత్రం ఎవరైనా చేయగలరు: నిటారుగా కూర్చోబెట్టాలి, బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయాలి, పైపు ఎక్కడ మడతపడిందో వెతకాలి. తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి. మీ ఎస్సైకి ఈ మూడు పనులూ మూడో ఎపిసోడ్‌లోనే నేర్పించండి. పన్నెండో ఎపిసోడ్‌లో, అనుమానితుడి పేరు చెప్పబోతూ సీఐ మాట తడబడి ముఖం ఎర్రబడినప్పుడు, ఆమె ముందు పేరు అడుగుతుందా, వంగి పైపు చూస్తుందా? క్లైమాక్స్‌కి కత్తిపోరాటం కన్నా ఇది గట్టిది.

ఉద్యోగంలో ఎలా ఉన్నాడు?

ఇది ప్రతి పాఠకుడికీ వచ్చే ప్రశ్న. జవాబు చట్టంలో ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) ప్రకారం, సర్వీసులో ఉండగా అంగవైకల్యం వస్తే ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, అదీ లేకపోతే అదనపు పోస్టు చూపించాలి. 1995 నాటి చట్టంలోనూ ఇలాంటి రక్షణే ఉండేది. దాని మీద ఒక భద్రతా దళం కానిస్టేబుల్ పోరాడి 2003లో సుప్రీంకోర్టులో గెలిచాడు, కునాల్ సింగ్ కేసు అంటారు. సదరం క్యాంపులో సర్టిఫికెట్ కోసం లైన్లో కూర్చోవడం, పై ఆఫీసులో "ఇంట్లో కూర్చుని పెన్షన్ తీసుకోవచ్చు కదా" అనిపించుకోవడం మీ సీఐ గతంలో ఉండాలి.

మార్చిన పోస్టు ఏది? నేనైతే జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో పెడతాను. డీసీఆర్‌బీ అంటారు. మిస్సింగ్ కేసులు, గుర్తుతెలియని శవాల వివరాలు జిల్లాలోని అన్ని స్టేషన్ల నుంచీ అక్కడికి చేరతాయి. మామూలు పోలీసు ఉద్యోగంలో అదేమీ గొప్ప పోస్టు కాదు, కానీ మీ కథకు అంతకన్నా మంచి చోటు లేదు. సీరియల్ కిల్లర్ ఉన్నాడని మొదట కనిపించేది ఏ ఒక్క స్టేషన్‌కీ కాదు, అన్ని స్టేషన్ల కాగితాలూ ఒకే టేబుల్ మీద చూసే మనిషికి. కదలలేకపోవడం వల్ల అతనికి దివ్యదృష్టి ఏమీ రాలేదు. ఆ టేబుల్ ముందు కూర్చున్నాడు కాబట్టి, ఓపిగ్గా చదివాడు కాబట్టి కనిపించింది.

ఈ తేడా నాకు చాలా ముఖ్యం. "కాళ్లు పోయాయి, బుర్ర పదింతలైంది" అని రాయకండి. వేలూరు సీఎంసీ ఆస్పత్రి డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద స్పర్శ కోల్పోయారు. తర్వాత తను వీల్‌చైర్‌లో కూర్చుని, కుష్టురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అది కూర్చుని చేయగల సర్జరీ, దాన్ని నేర్చుకుని చేశారు. మీ డిటెక్టివ్ కూడా అలా తన పనిని తనకు తగ్గట్టు మలుచుకున్నవాడు కావాలి.

అతని పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడని మర్చిపోవద్దు. తమ్ముడి కొడుకో, జీతానికి పెట్టుకున్న కుర్రాడో. అన్నం తినిపించేదీ, పక్క మార్చేదీ, పైపు కడిగేదీ అతనే. కాబట్టి కేసులో ప్రతి మాటా అతని చెవిన పడుతుంది. సాక్షుల పేర్లు, రేపు ఎక్కడ సోదా చేస్తారో అన్నీ. నమ్మకమైనవాడా? ఊళ్లో టీకొట్టు దగ్గర ఏమైనా నోరు జారాడా? ఈ కోణం వాడినవాళ్లను నేను ఇంకా చూడలేదు.

కొత్త ఎస్సై

ఆమె పోలీస్ అకాడమీ నుంచి వచ్చి ఏడాది తిరగలేదనుకుందాం. ఆమెకు ఏ అధికారం ఉందో ముందు తెలుసుకోండి. మన దగ్గర హత్య కేసుల్లో దర్యాప్తు అధికారి మామూలుగా ఆ సర్కిల్ సీఐ. ఎస్సై ఎఫ్ఐఆర్ కడుతుంది, సీన్ కాపలా పెడుతుంది, అనుమానాస్పద మృతి అయితే శవ పంచనామా తనే చేయగలదు. మన వీల్‌చైర్ సీఐ దర్యాప్తు అధికారి కాడు. అంటే పై అధికారికి తెలియకుండా ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా, ఎస్పీ అనుమతి ఉందా? ఇక్కడే సగం గొడవ పుడుతుంది. అనుమతి ఉందని రాసినా, స్టేషన్ సీఐకి అది నచ్చదు.

పిలుపులు సరిగ్గా ఉండాలి. ఆమె ఆయన్ని మొదటినుంచి చివరిదాకా "సార్" అనే అంటుంది. కానిస్టేబుళ్లు ఆమెను "మేడం" అంటారు. ఆయన మాత్రం మొదట్లో "ఎస్సై గారూ, మీరు" అని, నాలుగైదు సీన్ల తర్వాత "అమ్మా, నువ్వు"కి వస్తాడు. ఆ మార్పు ఎప్పుడు జరగాలో మీరే చూసుకోండి. ఇద్దరి మధ్యా ప్రేమకథ పెట్టాలన్న తొందర వద్దు. పని నేర్పడంలో, నేర్చుకోవడంలో కావలసినంత దగ్గరితనం ఉంది.

సీన్ ఎలా రాయాలో ఒకటి చూపిస్తాను. నల్లరేగడి పత్తిచేను మధ్యలో వ్యవసాయ బావి. గజ ఈతగాళ్లు శవాన్ని బయటకు తీశారు. యాభై ఏళ్ల ఆడమనిషి. ఎస్సై శ్రావణి ఫోన్‌లో వీడియో పెట్టింది. జిల్లా కేంద్రంలో యాదగిరి సార్ చూస్తున్నారు.

"సార్, ఆత్మహత్యే అంటున్నారు. చెప్పులు గట్టు మీద విడిచి ఉన్నాయి."

"ఎవరంటున్నారు?"

"ఊరివాళ్లంతా, సార్. చేను గలాయన కూడా."

"మంచిది. చెప్పులు ముట్టుకోకండి. ముందు మీ బూట్లు చూపించండి."

ఆమెకు అర్థం కాలేదు. ఫోన్ కిందికి తిప్పింది. మడమ నుంచి చీలమండ దాకా నల్లమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది.

"వాన ఎప్పుడు పడ్డది?"

"మొన్న సాయంత్రం, సార్. నిన్నంతా లేదు. చేను ఇంకా దిగబడుతోంది."

"ఇప్పుడు ఒక పుల్లతో ఆ చెప్పు పక్కకు వాల్చి, అడుగు చూపించండి."

రబ్బరు చెప్పు. గాళ్లలో ఎర్రమట్టి, ఎండి పొడిగా రాలుతోంది. నల్లమట్టి చుక్క లేదు. ఫోన్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పక్కన ఎవరో నీళ్లు అందిస్తే ఆయన స్ట్రాతో తాగిన చప్పుడు వినిపించింది.

"సార్," అంది శ్రావణి. గొంతు తగ్గించి, చేను యజమానికి వీపు తిప్పి. "ఈమె నడిచి రాలేదు."

"ఆ మాట ఇప్పుడు అక్కడ ఎవరితోనూ అనకమ్మా. చెప్పులు కాగితం కవర్లో పెట్టించు. ప్లాస్టిక్ వద్దు."

గమనించండి, తేల్చి చెప్పింది ఎస్సై. సీఐ అడిగింది ప్రశ్నలే. ప్రతిసారీ ఆయనే జవాబు చెబితే ఆమె కెమెరా పట్టుకునే స్టాండు అవుతుంది. ఆయనకు అందనివి ఆమె దగ్గర ఉన్నాయి: వాసన, నేల మెత్తదనం, జనంలో ఎవరు ముందుకు తోసుకొస్తున్నారో, ఎవరు వెనక నిలబడ్డారో. వాటిని అడగడం ఆయన నేర్చుకోవాలి. కనీసం ఒకసారైనా ఆయన అంచనా తప్పయి, ఆమె కళ్లతో చూసిందే నిజం కావాలి.

ఆధారాలు భద్రం చేసే పద్ధతులు తప్పు రాస్తే కథ పరువు పోతుంది. రక్తం తడిసిన బట్టలు నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెడతారు, ప్లాస్టిక్‌లో అయితే బూజు పడుతుంది. విషం అనుమానం ఉంటే విస్సెరాను (శవం లోపలి అవయవాల ముక్కలను) ఉప్పునీటి ద్రావణంలో పెట్టి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపుతారు, ఫార్మలిన్‌లో పెట్టరు. నేల మీద పాదముద్ర కనిపించాలంటే టార్చి పైనుంచి కాదు, నేలకు ఆనించి పక్కనుంచి వేయాలి. రిపోర్టులు ఆ రాత్రికే రావు. డీఎన్ఏ ఫలితం కోసం ఎదురుచూసే వారాలు కథలో ఉండనివ్వండి, ఆ వారాల్లోనే హంతకుడు ఇంకో ఊరికి పోతాడు.

హంతకుడు

పోలీసులకు చిట్టీలు రాసి, పొడుపుకథలు వేసి, శవం పక్కన గుర్తులు పెట్టే హంతకుణ్ని వదిలేయండి. మన నేల మీద దొరికినవాళ్లు అలాంటివాళ్లు కారు. మూడు కేసులు చదవండి.

2019లో యాదాద్రి జిల్లా హాజీపూర్. స్పెషల్ క్లాసుకని బడికి వెళ్లిన అమ్మాయి ఇంటికి రాలేదు. పాడుబడ్డ వ్యవసాయ బావిలో శవం దొరికింది. అక్కడ తవ్వితే అంతకుముందు కనిపించకుండా పోయిన ఇంకో అమ్మాయి ఆనవాళ్లు, తర్వాత ఇంకో బావిలో 2015లో తప్పిపోయిన పాప ఎముకలు బయటపడ్డాయి. ఊరికి సరిగ్గా బస్సు లేదు, పిల్లలు బండ్ల మీద లిఫ్ట్ అడిగి వచ్చేవాళ్లు. నిందితుడు అదే ఊరివాడు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. నాలుగేళ్లు ఒక పాప మిస్సింగ్ కాగితంగా ఉండిపోయింది. ఆ కేసు చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది బావి కాదు, ఆ కాగితం.

2020 మే, లాక్‌డౌన్ రోజులు, వరంగల్ దగ్గర గొర్రెకుంట. గోనెసంచుల షెడ్డు పక్క బావిలో ఒకరోజు నాలుగు శవాలు, మర్నాడు ఇంకో ఐదు. పని లేక, తిండి లేక వలసకుటుంబం దూకేసిందని మొదట చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను బావిలోకి తోశాడు ఒకడు. కారణం? ఆ కుటుంబానికి చెందిన ఒక మహిళను అతను మార్చిలోనే రైల్లో గొంతు నులిమి, బయటకు తోసేశాడు. ఆ శవం ఆంధ్రలో నిడదవోలు వైపు పట్టాల దగ్గర గుర్తుతెలియని శవంగా మిగిలింది. రెండు రాష్ట్రాల్లో రెండు కాగితాలు. అక్టోబరులో వరంగల్ కోర్టు అతనికి ఉరిశిక్ష విధించింది.

మూడోది ఏలూరు, 2019. గుప్తనిధులు, రైస్ పుల్లర్ నాణెం (బియ్యాన్ని లాక్కునే మహిమ ఉందని నమ్మించేది) అని ఆశ పెట్టి, ప్రసాదంలో సైనైడ్ కలిపి పదిమందిని చంపాడని పోలీసులు ఒకణ్ని అరెస్టు చేశారు. ఇరవై నెలల పాటు, మూడు జిల్లాల్లో. చాలా ఇళ్లలో గుండెపోటు అనుకుని దహనం చేసేశారు. చివరికి ఒక ఇంట్లో మాత్రం డబ్బూ బంగారం ఏమయ్యాయని అడిగారు.

మూడు చోట్లా హంతకుడు దాక్కున్నది తెలివితేటల వెనక కాదు. ఎవరూ గట్టిగా అడగని మనుషుల్ని ఎంచుకుని, స్టేషన్ల మధ్య సందుల్లో దాక్కున్నాడు. లేచిపోయిందన్నారు, ఆత్మహత్యన్నారు, గుండెపోటన్నారు. మీ హంతకుణ్ని తయారు చేసేటప్పుడు ముందు అతని బాల్యం రాయకండి. ముందు ఒక పట్టిక గీయండి: ఏ తేదీ, ఏ స్టేషన్, ఏమని ఫైలు మూశారు, ఒంటి మీద ఉండాల్సింది ఏం లేదు. కాళ్లకు పట్టీల మచ్చ ఉంది, పట్టీలు లేవు. ఈ నాలుగో గడిని అన్ని కేసులకూ నింపగలిగితే మీ ప్లాటు సిద్ధమైనట్టే. డీసీఆర్‌బీలో కూర్చున్న యాదగిరి సార్ కూడా అదే పట్టిక గీస్తాడు, వెల్క్రో పట్టీలో పెన్ను దోపుకుని.

చనిపోయినవాళ్లకు పేరు, పని, ఇంట్లో ఒక అలవాటు ఇవ్వండి. నిజం కేసు ఆధారంగా రాస్తుంటే మాత్రం బాధితుల పేర్లు, ఊరు, కుటుంబం మార్చేయండి. అత్యాచారం ఉన్న కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. చట్టం సంగతి సరే, ఆ తల్లి ఎక్కడో ఉండి మీ సీరియల్ చదువుతుందేమో.

కోర్టు దాకా

2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి. ఆ తేదీ తర్వాత జరిగే కథలో ఐపీసీ 302 అని రాస్తే తప్పు, హత్య ఇప్పుడు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. శవ పంచనామా బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194. కథ 2019లో జరుగుతుంటే పాత నంబర్లే వాడండి.

"లాకప్‌లో నేరం ఒప్పుకున్నాడు, కేసు క్లోజ్" అని ముగించకండి. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, అప్పుడూ ఇప్పుడూ. చెల్లేది ఒకటే: అతను చెప్పినదాన్ని బట్టి దొరికిన వస్తువు, ఆ దొరకడానికి సంబంధించినంత వరకు అతని మాట. శవం కాళ్లకు లేని పట్టీలు ఎక్కడ కుదువపెట్టాడో చెప్పాడు, అక్కడ దొరికాయి, ఆ షాపువాడు గుర్తుపట్టాడు. కాబట్టి మీ ఇద్దరి తపనంతా ఆ పట్టీల కోసం ఉండాలి.

పంచనామాకి సంతకం పెట్టినవాళ్లు కోర్టుకొచ్చి ఎదురు తిరగడం నేను రోజూ టైపు చేసే సంగతే. "నాకేమీ తెలియదు, స్టేషన్‌లో తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారు" అనే వాక్యం నా వేళ్లకు కంఠస్థం. ఇప్పుడు సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతోంది. మీ శ్రావణి ఆ చెప్పులు తీసేటప్పుడు వీడియో సరిగ్గా తీసిందా, అందులో మధ్యలో కట్ ఉందా? డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది అదే. సీసీ కెమెరా ఫుటేజీ విషయంలో తొందర కూడా రాయండి. కిరాణాషాపు కెమెరాల్లో కొన్ని రోజులకే పాతది చెరిగిపోతుంది.

యాదగిరి సార్‌ని సాక్షిగా పిలిపించండి. కోర్టు హాలు మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కిస్తారా? అలా ఎత్తినప్పుడు మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలుసు: చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, మోసేవాళ్ల ఊపిరి చెవిలో వినిపిస్తుంది, కింద ఎవరో "జాగ్రత్త జాగ్రత్త" అంటుంటారు, పైకి వెళ్లేసరికి చెప్పాలనుకున్న మొదటి వాక్యం మర్చిపోతాం. లేదా వీడియో ద్వారా సాక్ష్యం అడుగుతారా? దానికి కొత్త చట్టంలో వీలుంది. ఆయన ఏది కోరుకుంటాడన్నది మీ పాత్ర మీద ఆధారపడి ఉంటుంది. ఇద్దరు కానిస్టేబుళ్ల మీద కాకుండా కింది గదిలో సాక్ష్యం తీసుకోమని ఆయన రాతపూర్వకంగా అడిగితే నాకు ఎక్కువ నచ్చుతుంది.

చివరి ఎపిసోడ్‌లో ఆయన్ని లేపి నడిపించకండి. చంపేయకండి కూడా, "ఈ బతుకు వద్దు" అనిపించకండి. మాకు ఆ రెండు ముగింపులూ చిన్నప్పటి నుంచి సినిమాల్లో చూపించారు. కేసు అయ్యాక ఆయనకు ఇంకో ఫైలు ఉంటుంది, శ్రావణికి బదిలీ ఆర్డరు రావచ్చు, ఆమె స్థానంలో వచ్చే కుర్రాడికి పైపు మడత సంగతి ఎవరు చెబుతారన్నది ఒక మంచి సీను.

రాసింది పోస్ట్ చేసే ముందు వెన్నెముక దెబ్బ ఉన్న ఒక మనిషితో చదివించండి. ఫిజియోథెరపీ సెంటర్లో అడిగితే ఎవరో ఒకరు దొరుకుతారు. వాళ్ల టైమ్‌కి డబ్బు ఇవ్వండి. "ఎలా ఉంది?" అని అడిగితే మర్యాదకి బాగుందంటారు. "ఏ పేజీలో ఇతను కుర్చీలో లేడు?" అని అడగండి. వాళ్లు వేలు పెట్టి చూపించిన పేజీలు తిరగరాసి, అప్పుడు మొదటి ఎపిసోడ్ పెట్టండి.